కళ్ళద్దాల షాపులో సగం గడియారం

నా గొప్పలు నేనే చెప్పుకుంటానని మావాళ్ళకి నా మీద పెద్ద ఫిర్యాదు. ఇంకెవరిచేతైనా చెప్పించుకోవచ్చు కదా అంటారు. ఒకసారి చెప్పించాను. నిజాలు బయటికొచ్చాయి. అప్పట్నించీ ఆ పని నేనే చూసుకుంటున్నాను.

కంప్యూటర్లు బాగుచెయ్యడం నా వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ సంగతి నా పని చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. నా చేతిలో పడ్డ మెషీన్ అయితే బాగవుతుంది, లేకపోతే ఇంకొకరి చేతిలోకి వెళ్ళి బాగవుతుంది. ఈ రెండో రకం కాస్త ఎక్కువయ్యేసరికి నాలుగు నెలలుగా నన్ను పిలిచే నాథుడు లేడు.

ఆవేళ పొద్దున్నే ఇంటావిడ తేల్చి చెప్పేసింది.

"రక్తపరీక్షల ల్యాబు నడిపే మేడం కంప్యూటర్లు చూసుకునే మనిషి కోసం వెతుకుతోందట. సాయంత్రం నాలుగింటికి టీ కొట్టు దగ్గరికి వస్తానంది. ఆ ఉద్యోగం తెచ్చుకున్నారా సరే. లేదంటే రేపట్నించి మా తమ్ముడి పరుపుల షాపుకి వెళ్ళండి."

పరుపుల షాపులో పనంటే హాయే కదా అనుకుంటారు మీరు. బావమరిది కింద పని అది. వాడికి సైకిల్ తొక్కడం నేర్పింది నేను. అలాంటివాడు "బావా, ఆ డబుల్ బెడ్డు పరుపు పైకెత్తు, బావా, ఈ దిండు దులుపు" అంటుంటే దులుపుకుంటూ బతకాలి. అందుకని చొక్కా ఇస్త్రీ చేసుకుని మూడున్నరకే టీ కొట్టు చేరాను.

రేకుల కింద రెండు బెంచీలు, ఒక గ్యాసు పొయ్యి, దాని వెనకాల టీ కొట్టు అక్క. ఒక బెంచీ మీద రిటైరైన డ్రాయింగు మాస్టారు ఎప్పట్లాగే ఒక టీని గంటసేపు తాగుతున్నారు. నా బావమరిది షాపు కట్టేసి మరీ వచ్చి కూర్చున్నాడు. ఎందుకొచ్చావురా అంటే, "రేపు ఎన్నింటికి రమ్మనాలో తెలుసుకుందామని బావా" అన్నాడు.

సరిగ్గా నాలుగింటికి మేడం వచ్చింది. బెంచీ చివర కూర్చుని హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "ఇదివరకు మీరు చేసిన పని ఏదైనా ఒకటి చెప్పండి" అంది.

రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవాల్సింది. కానీ ఎదురుగా నలుగురు మనుషులు, చేతిలో వేడి టీ గ్లాసు.

"చిన్న పనేనండీ, చెప్పుకోడానిక్కూడా ఏం లేదు" అని మొదలుపెట్టాను. నా గొప్ప అబద్ధాలన్నీ ఇలాగే వినయంగా మొదలవుతాయి. "పెద్ద వీధిలో కళ్ళద్దాల షాపుంది చూశారా, ఆ షాపాయన ఒకరోజు ఫోన్ చేశారు. ఆయన కంప్యూటరు బాగా పాతది. స్క్రీన్ మీద కుడిపక్కన వరసగా మూడు చిన్న బొమ్మలుంటాయి. పైన గుండ్రటి గడియారం, దాని కింద క్యాలెండరు, దాని కింద ఇవాళ ఎండో వానో చెప్పే మబ్బు బొమ్మ. విడ్జెట్లంటాం మేము. ముందురోజు బ్రౌజర్ దానంతటది అప్‌డేట్ అయిందిట. తెల్లారి చూస్తే బ్రౌజర్ నిక్షేపంలా ఉంది, ఈ మూడూ పాడైపోయాయి."

"బ్రౌజర్ మారితే గడియారానికేంటి బావా నొప్పి?" అన్నాడు బావమరిది.

"పాత మెషీన్లలో ఈ బొమ్మల్ని గీసేది ఆ బ్రౌజర్ కుంచెతోనేరా. కుంచె మారింది, బొమ్మ మారింది. కావాలంటే మాస్టార్ని అడుగు."

"కుంచె మారితే బొమ్మ మారుతుంది, అది మాత్రం నిజం" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం నా కథలో ఉన్న నిజం కూడా అదొక్కటే.

"వెళ్ళి చూశానండీ. గడియారం నిలువునా కోసేసినట్టుంది. కుడి సగమే ఉంది. పన్నెండు, ఒకటి, రెండు, అలా ఆరు దాకా. ఏడు లేదు. ఎనిమిది అసలే లేదు. ముల్లు ఆరు దాకా వస్తుంది, ఏడు మీదకి అడుగేద్దామని తొంగి చూస్తుంది, అక్కడ నేల లేదు, గిరుక్కున వెనక్కి తిరిగి పన్నెండుకి పోతుంది. పన్నెండంటే ఏంటి? భోజనం టైము. షాపులో వాళ్ళు అప్పటికే ఆరోజుకి మూడో భోజనం చేస్తున్నారు. షాపు కట్టేసేది ఎనిమిదింటికి. ఆ గడియారంలో ఎనిమిది లేదు కదండీ, ఇంకెలా కడతారు? కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి నన్ను చూసి, 'అన్నా, నేను ఇంటికెళ్ళి పదకొండు రోజులైంది' అని బావురుమంది."

"రోజే గడవనప్పుడు పదకొండని ఎలా లెక్కేసింది తమ్ముడూ?" అంది టీ కొట్టు అక్క.

"అదిగో, అడగాల్సిన మాట అడిగావక్కా. క్యాలెండర్ దగ్గరికే వస్తున్నా." నిజానికి అప్పటిదాకా రావాలనుకోలేదు. అక్క అడిగింది కాబట్టి రావలసొచ్చింది. "క్యాలెండర్లో గళ్ళన్నీ వదులైపోయి తేదీలు జారిపోయి అడుగున కుప్పపడ్డాయి. ఒకటో తారీకు మీద పందొమ్మిది, దాని మీద ఏడు. లోపలేముందో చూద్దామని స్క్రీన్‌ని ఇలా కొంచెం వంచానండీ. అంతే. ఆదివారాలు ఎర్రగా ఉంటాయి కదా, ఎరుపుకి బరువెక్కువ, టపటపమని కింద రాలిపోయాయి. బల్ల కింద దూరి ఏరుకున్నాను. నాలుగు దొరికాయి. అయిదోది దొర్లుకుంటూ బీరువా కిందకి పోతే చీపురు పెట్టి లాగాల్సొచ్చింది."

మాస్టారు గ్లాసు పక్కన పెట్టారు. "ఆదివారం చేతిలో పెట్టుకుంటే ఎలా ఉంటుందోయ్?"

"వెచ్చగా ఉంటుంది మాస్టారూ. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా జేబులా."

"మరి సోమవారం?"

"సోమవారాన్ని నేను ముట్టుకోలేదు."

అక్క కిసుక్కుమంది. నేను మేడం వైపు చూశాను. నవ్వలేదు. టీ ఊదుకుని తాగుతోంది. ఆదివారాలు చాల్లేదన్నమాట. నాకు పరుపులు కళ్ళముందు కదిలాయి. వాటిని ఎత్తుతున్న నేనూ కదిలాను. కథకి ఇంకాస్త గాలి కొట్టక తప్పదనిపించింది.

"ఇవన్నీ ఒక ఎత్తు, మబ్బు బొమ్మ ఒక్కటీ ఒక ఎత్తు. ఆరోజు బయట ఎండ ముప్ఫై మూడు డిగ్రీలండీ. ఆ బొమ్మ చుట్టూ ఉండే డబ్బా కుంచించుకుపోయి ఆ ముప్ఫై మూడులో ఒక మూడు కోసుకుపోయింది. ఇంకేం మిగిలింది?"

"మూడు" అంది అక్క భయంగా.

"మూడు డిగ్రీలు! షాపు మొత్తం మూడు డిగ్రీలు! గుమ్మం అవతల ముప్ఫై మూడు, గుమ్మం ఇవతల మూడు. ఒక పెద్దమనిషి లోపలికి రావాలా వద్దా అని గుమ్మంలో ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడితే కుడిచెవి మీద చెమట, ఎడమచెవి మీద మంచు. అలమార్లో కళ్ళజోళ్ళన్నీ ఒకదానికొకటి దగ్గరగా జరిగి కాళ్ళు ముడుచుకున్నాయి. ఇది చాలదన్నట్టు ఆ మబ్బు ఉందే, అది డబ్బాలో పట్టక బయటికొచ్చింది, స్క్రీన్ అంచు దాటింది, ఫ్యాను దాకా లేచింది, సన్నగా తుంపర మొదలుపెట్టింది. షాపాయన గొడుగు తెచ్చి పట్టారు. నాకనుకున్నారా? ప్రింటరుకి."

"మరి నువ్వు తడవలేదా బావా?"

"చినుక్కీ చినుక్కీ మధ్య చోటుంటుందిరా. పనొచ్చినవాడు అందులోంచి చేసుకుంటాడు."

"ఆ మధ్య మా ఇంట్లో కొళాయి బిగించినప్పుడు తల దగ్గర్నించి పాదం దాకా తడిశావుగా?"

"కొళాయి నా సబ్జెక్టు కాదు."

అక్క పొయ్యి మంట తగ్గించింది. ఎవరో ఇద్దరు టీ కోసం వచ్చి నిలబడితే, ఉండండి, వాన పడుతోంది అని వాళ్ళనీ బెంచీ మీద కూర్చోబెట్టింది. మేడం మాత్రం ఒకసారి హ్యాండ్‌బ్యాగు తెరిచి లోపలికి చూసి మళ్ళీ మూసింది. అపాయింట్‌మెంట్ కాగితం ఉందో లేదో చూసుకుంటోందనుకున్నాను. మనిషికి ఆశ ఉండాలి కానీ మరీ అంత ఉండకూడదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోన్ మోగింది. ఎవరనుకున్నారు? ఆ బ్రౌజర్ తయారుచేసే కంపెనీకి పెద్దాయన. సాక్షాత్తూ ఆయనే."

"ఆయనకి నీ నంబరెక్కడిది?" అన్నాడు బావమరిది. "మా అక్క చేస్తేనే నీది స్విచ్చాఫ్ వస్తుంది."

"ఆయనకి కలిసింది. ఏడుపొక్కటే తక్కువ పాపం. 'అయ్యా, మావల్ల తప్పు జరిగిపోయింది. ఇదే అప్‌డేటు ఇంకో అయిదు నిమిషాల్లో ప్రపంచంలో ఉన్న మెషీన్లన్నిటికీ వెళ్ళిపోతోంది. మా దగ్గర నాలుగొందల మంది ఇంజినీర్లున్నారు, ఒక్కడి వల్లా ఆగడం లేదు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి' అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించిందండీ. ఒక్క క్షణం ఆలోచించండి. ప్రపంచం మొత్తానికి ఆరు తర్వాత టైము లేదు! ఏడింటి రైలు ఏడు కోసం చూస్తూ స్టేషన్లోనే తుప్పు పట్టిపోతుంది. పదింటికి పడుకునేవాడికి పదీ రాదు, పడకా లేదు. జనం నిద్రపోవడమే మానేస్తారు."

"అయితే నా పరుపులు?" అన్నాడు బావమరిది తుళ్ళిపడి.

"అన్నీ వాపసు!"

వాడు నిజంగానే గుటక మింగాడు. చిన్నప్పట్నించీ వాణ్ణి చూస్తున్నాను, అంత శ్రద్ధగా నా మాట వినడం అదే మొదటిసారి.

"ఆ అప్‌డేటు ఎంత శాతం వెళ్ళిందో చూపించే నీలం గీత స్క్రీన్ మీద కదులుతోంది. ఎనభై, తొంభై, తొంభై అయిదు. ఆపే బటన్ కోసం చూశాను. ఏదీ? డబ్బాతోపాటు అదీ కోసుకుపోయింది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. ఇంకొక్కటే. అప్పుడు నేనేం చేశానో తెలుసా?" గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను. "చొక్కా చేతులు పైకి మడిచాను. ఆ నీలం గీత కుడికొసకి ఇలా భుజం ఆనించాను. కాళ్ళు గోడకి తన్నిపెట్టాను. ఎడమవైపుకి తోశాను! గీత నన్ను ఇటు నెడుతోంది, నేను దాన్ని అటు నెడుతున్నాను. తొంభై ఎనిమిది. తొంభై. ఎనభై దగ్గర కుర్చీ విరిగింది. అరవై దగ్గర చెప్పు తెగింది. ముప్ఫై దగ్గర నా వల్ల కాలేదండీ, నిజం చెప్పాలి కదా. షాపాయన గొడుగు పారేసి వచ్చి నా వీపుకి చేతులాన్చారు. ఆయన వెనకాల కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి. ఆమె వెనకాల కళ్ళజోళ్ళ కోసం వచ్చినవాళ్ళు నలుగురు, వాళ్ళలో ఒకాయనకి ఎవర్ని తోస్తున్నాడో కూడా కనపడ్డం లేదు. పది! అయిదు! రెండు! సున్నా! ఫట్‌మని ఒక శబ్దం. ఎక్కడికి పోయిందో ఆ గడియారం ఎడమ సగం, గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి టక్కున అతుక్కుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, అన్నీ ఎక్కడివక్కడే. పదకొండు రోజుల తర్వాత ప్రపంచంలో మళ్ళీ చీకటి పడింది!"

అక్క గ్లాసులో పోస్తున్న టీ నిండి, పొంగి, బల్ల మీదుగా కారిపోతోంది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటున్నారు. బావమరిది తన కుడిభుజం తడుముకుంటున్నాడు. నా కథకి నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మేడం ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అక్షరాల సైజు ఎంత ఉందండీ?"

"ఏ అక్షరాలండీ?"

"ఆ స్క్రీన్ మీదవి."

"అక్షరాలంటే... అక్షరాలు ఉండాల్సినంతే ఉన్నాయండీ."

"లేవు. ఒకటిన్నర రెట్లున్నాయి" అంది మేడం. "ఆ షాపాయన మా అన్నయ్య."

ఊళ్ళో ఇన్ని షాపులుండగా, నా చేతిలో పాడైన మెషీన్లు ఇన్ని ఉండగా, ఏరి కోరి ఆ ఒక్కదాన్నే పట్టుకున్నాను. కూర్చుందామని వెనక్కి చూస్తే బెంచీ ఉండాల్సిన దానికన్నా దూరంగా ఉంది.

"మా అన్నయ్య కళ్ళద్దాలు అమ్ముతాడు కానీ పెట్టుకోడు" అంది మేడం అందరికీ వినిపించేలా. "పెట్టుకుంటే ముసలాడైపోయాడంటారని. అందుకని స్క్రీన్ మీద అక్షరాలన్నీ పెద్దవి చేసుకున్నాడు. కొత్త బ్రౌజర్‌కి ఆ పెద్ద సైజుతో పొసగలేదు. బొమ్మలు వాటి డబ్బాల్లో పట్టక కోసుకుపోయాయి. నిన్న షాపుకెళ్ళినప్పుడు చూశాను. సైజు మామూలుకి దించి, మెషీన్ ఆపి మళ్ళీ వేశాను. మూడూ బాగుపడ్డాయి. రెండు నిమిషాలు పట్టింది."

"అచ్చం నేను చేసింది కూడా అదేనండీ, కాకపోతే కథలో కొంచెం..."

"మీరు చేసింది కూడా చూశాను."

హ్యాండ్‌బ్యాగు తెరిచింది. ముందు ఒక చేతి గడియారం తీసి బెంచీ మీద పెట్టింది. పట్టీ రెండు కొసలకీ టేపు ముక్కలు, ఆ టేపు నిండా నాలుగు నెలల దుమ్ము. "స్క్రీన్ మీద గడియారం చోట ఇది అంటించి ఉంది." తర్వాత చిన్న గోడ క్యాలెండర్లోంచి చింపిన కాగితం. "క్యాలెండర్ చోట ఇది. నాలుగు నెలల కిందటిది." ఆఖర్న ఒక చీటీ.

చీటీ నేను అందుకునేలోపే బావమరిది లాక్కున్నాడు. నా చేతిరాత వాడికి బాగా తెలుసు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పెద్దగా చదివాడు.

"'వాతావరణం కోసం ఎడమవైపు కిటికీలోంచి చూడగలరు.'"

ముందు మాస్టారు మొదలుపెట్టారు. తర్వాత అక్క. వానలో ఆగిపోయిన ఆ ఇద్దరూ ఎవరో కూడా తెలీదు నాకు, వాళ్ళూ నవ్వారు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ, "కిటికీ అయితే పాడవ్వదు తమ్ముడూ, అది మాత్రం ఒప్పుకోవాలి" అంది.

"మరి మీ అన్నయ్యగారు ఏమీ అనలేదా అమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏమంటాడండీ? కళ్ళద్దాలు పెట్టుకోడు కదా. అది స్క్రీన్ మీది గడియారమే అనుకున్నాడు. 'అతనొచ్చి బాగుచేశాక గడియారం ఒక్కసారి కూడా ఆగలేదు, ముల్లు ఎంత చక్కగా కనిపిస్తోందో' అని నాలుగు నెలలుగా ఒకటే పొగడ్త. చీటీలో అక్షరాలు చిన్నవి, అందుకని చదవలేదు. నిన్న నేను సైజు తగ్గించేసరికి ఏమీ కనపడక, చచ్చినట్టు అద్దాలు పెట్టుకున్నాడు. పెట్టుకుని మొట్టమొదట చూసింది మీ గడియారాన్నే."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, ఇంకో మొహం తెచ్చుకోలేదు.

"మీకు కంప్యూటర్లు అప్పజెప్పలేనండీ" అంది మేడం. ఈసారి గొంతు నెమ్మదిగానే ఉంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికెళ్ళి ఇంటావిడ మొహం ఎలా చూడాలా అని ఆలోచిస్తూ గడియారానికున్న టేపు గోటితో గీకడం మొదలుపెట్టాను. ఆ టేపు రావడం లేదు. నేను చేసిన పనుల్లో గట్టిగా నిలబడింది అదొక్కటే.

బావమరిది గెలిచినట్టు నా వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా వాడి మొహంలో నవ్వు కాస్త కాస్తగా ఆరిపోయింది. రేపు పొద్దున తన షాపులో నేనుంటానన్న సంగతి వాడికి అప్పుడే తట్టినట్టుంది.

"మేడం, మేడం, ఒక్క మాట" అన్నాడు దగ్గరికి జరిగి. "మీరు తీసుకోకపోతే మా బావ నాకొస్తాడండీ. పరుపు మీద కూర్చుని ఆదివారం వెచ్చగా ఉంటుందీ, మబ్బు ఫ్యాను దాకా లేచిందీ అని మొదలుపెడితే, కొనడానికొచ్చినవాళ్ళు అక్కడే పడుకుని వింటారు. ఒక్కడూ లేవడు. ఒక్క పరుపూ అమ్ముడుపోదు. కాస్త చూడండి మేడం."

వాడు నా కోసం అంతలా బతిమాలడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కారణం వినకుండా ఉంటే ఇంకా బాగుండేది.

మేడం రోడ్డు మీద నీడలు ఎంత దూరం సాగాయో చూసింది. "నేను పది నిమిషాలకని వచ్చాను. గంటన్నర అయింది" అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు మా ల్యాబుకి ఎన్నిసార్లొచ్చారు?"

మాస్టారు గ్లాసులోకి చూసుకున్నారు. "రెండుసార్లమ్మా."

"రెండుసార్లూ సూది చూసి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారు. బెంచీ మీద రెండు నిమిషాలు కూర్చోలేకపోయారు. ఇవాళ గంటన్నర కదల్లేదు." నా వైపు చూసింది. "మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది ఇంతే. పొద్దున్నే ఏమీ తినకుండా వస్తారు, భయపడతారు, పారిపోతారు. రేపు ఏడింటికి రండి. రక్తం తీసే గది బయట మీకు కుర్చీ వేయిస్తాను. వాళ్ళకి ఏదో ఒకటి చెబుతూ ఉండండి. నెల జీతం ఇస్తాను. కంప్యూటర్ల వైపు మాత్రం చూడొద్దు."

"అసలు చూడనండీ. అటు తిరిగే కూర్చుంటాను."

మేడం లేచి వెళుతూ, "ఆ సోమవారం సంగతి బావుంది" అంది. అప్పుడు నవ్వింది.

ఇంటికెళ్ళేసరికి ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైంది?"

"ఉద్యోగం వచ్చింది."

"ఏం ఉద్యోగం?"

జీవితంలో మొదటిసారి ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. కంప్యూటర్లు ముట్టుకోవద్దన్నారు, రక్తం తీసే గది బయట కుర్చీ వేస్తారు, నేను అందులో కూర్చుని వచ్చినవాళ్ళకి కబుర్లు చెప్పాలి, దానికి నెలనెలా జీతం ఇస్తారు అని.

ఆవిడ నన్ను తలనించి కాళ్ళదాకా చూసింది. లోపలికెళ్ళి ఫోన్ తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు పొద్దున్నే మీ బావ వస్తారు. బరువైనవే ఎత్తించు."

అవతలినించి వాడు పెట్టిన కేక నాకు గుమ్మం దాకా వినిపించింది.